టైపిస్టమ్మ, ఇరవై రెండు మలుపులు

రోడ్డు ప్రమాదాలకు పరిహారం తేల్చే మా కోర్టులో ఇరవై ఆరేళ్ళుగా సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తున్న ఆవిడను అందరూ టైపిస్టమ్మ అనే పిలుస్తారు. ఆ కోర్టు ఇచ్చిన ఏ తీర్పులోనూ ఆవిడ పేరు కనిపించదు. ఆవిడ వేళ్ళు తాకకుండా బయటికి వచ్చిన తీర్పు మాత్రం ఒక్కటీ లేదు. వాయిదా మీద వాయిదా పడుతుంటే జూనియర్ లాయర్నైన నేను లోలోపల ఉడికిపోయేదాన్ని. ఆవిడ మాత్రం కిటికీ పక్కన, పొట్టి కాలి కింద అట్టముక్క పెట్టిన బల్ల ముందు కూర్చుని, ఏడ్చే సాక్షికి ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే కాగితం ఎక్కించేది.

ఆ వాంగ్మూలాల్లో సగానికి పైగా ఒకే దారివి. కొండ మీది సరస్సుకు వెళ్ళే ఆ ఘాట్ రోడ్డుకు ఇరవై రెండు మలుపులు. ఏ మలుపులో పిట్టగోడ కూలింది, ఎక్కడ బండరాయి రోడ్డు మీదికి పొడుచుకొచ్చింది, ఎక్కడ ఎదుటి బండి చివరిదాకా కనిపించదు, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. ఆ దారిని కళ్ళతో చూడటమంటూ మాత్రం ఏనాడూ జరగలేదు.

యాభై నాలుగో ఏట ఆవిడ డ్రైవింగు నేర్చుకుని ఒక పాత కారు కొనుక్కుంది. ఇంట్లో పెద్ద రభసే అయింది. భర్త బడిలో డ్రాయింగు మాస్టారు. తాను ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషినని రోజుకు రెండుసార్లు గుర్తుచేశాడు. చివరికి రాజీ కుదిరింది. సరస్సు దాకా వెళ్ళి, ఒక రాత్రి గుడారంలో ఉండి, కొండ దిగేదాకా స్టీరింగు ఆవిడ చేతిలోనే ఉండాలి. ఒక్క మలుపు దగ్గర వదిలినా కారు మరిదికి అమ్మేయాలి. ఈ షరతును ఆవిడే రెండు ప్రతులు టైపు చేసింది. సాక్షిగా సంతకం పెట్టినందుకు నన్నూ వెంట తీసుకెళ్ళారు. కొనబోయే వస్తువును చూసుకునే హక్కు తనకుందంటూ మరిది పిలవకుండానే ఎక్కాడు. దారి పొడవునా అద్దాలు దించాడు, ఎత్తాడు, సీటు స్ప్రింగులు నొక్కి చూశాడు, ఈ రంగు తనకు నచ్చలేదన్నాడు.

“ముందు నన్ను కొండెక్కనివ్వవయ్యా, రంగులు తర్వాత పూసుకుందువు గాని,” అంది వదినగారు.

కొండ మొదట్లో ఆవిడ నా చేతికొక కాగితం ఇచ్చింది. కేసుల ఆధారంగా తయారుచేసిన మలుపుల పట్టిక అది. కింది నుంచి పైకి వరుసగా ఒక్కొక్కటే చదివి వినిపించమంది. “మొదటిది, తెల్లగోడ మలుపు, ఎడమకు,” అని చదివాను. తెల్లగోడ వచ్చింది; రోడ్డు కుడికి తిరిగింది. సాక్షి కంగారుపడి ఉంటాడని ఆవిడ సర్దుకుంది. రెండోది కుడికి అని చదివాను; ఎడమకు తిరిగింది. ఆ సాక్షి మీద తనకు మొదటినుంచీ అనుమానమేనంది. మూడో మలుపూ తిరగబడేసరికి ఆవిడ కారును పక్కకు తీసి, ఇంజను ఆపేసింది.

మాస్టారు అప్పటికే సీటు బెల్టు విప్పుకున్నాడు. “ఇందులో నామోషీ ఏముందే? దిగు, నేను నడుపుతాను,” అన్నాడు మెత్తగా. వెనక సీట్లో మరిది తాను తీసుకోబోయే కారు డిక్కీ ఎంత లోతుంటుందో నన్నడిగాడు.

ఆవిడ స్టీరింగు వదల్లేదు. “బండి గురించి కాదండీ. ముగ్గురికి ముగ్గురూ అబద్ధం చెప్పారంటే, ఇన్నేళ్ళు నేను కొట్టిందంతా ఏమిటి? ఆ తీర్పులన్నీ ఏమైనట్టు?”

మలుపు దగ్గర తడబడటం వేరు, న్యాయం మీదే అనుమానం రావడం వేరు. పట్టిక పక్కన పెట్టి ఒక్కో కేసే గుర్తుచేసుకోమన్నాను. బ్రేకులు పట్టని లారీ. వేగం అదుపు తప్పిన బస్సు. తడిరోడ్డు మీద జారిన జీపు. ఆవిడ వేళ్ళు స్టీరింగు మీద టైపు కొడుతున్నట్టు కదిలాయి. కదిలి, ఆగాయి.

“లాయరమ్మా, వీళ్ళంతా దిగుతూ పడ్డవాళ్ళే కదూ?”

అంతే. దిగేవాడికి ఎడమ, ఎక్కేవాడికి కుడి. పాపం, సాక్షులందరూ నిజమే చెప్పారు. సరస్సు చూసి, కడుపునిండా తిని, క్షేమంగా ఇల్లు చేరినవాళ్ళు ఏ కోర్టుకూ రారు గనక, ఆవిడ కాగితాల్లో ఈ కొండను ఎక్కినవాళ్ళెవరూ లేరు. ఆవిడ నవ్వడం మొదలుపెడితే కారు ఊగింది. “బెల్టు పెట్టుకోండి,” అని భర్తకు చెప్పి ఇంజను స్టార్టు చేసింది. మిగతా పంతొమ్మిదీ నేను తిరగేసి చదివాను.

ఆఖరి మలుపు దాటగానే సరస్సు ఒక్కసారిగా ఎదురైంది. దాన్ని గురించి ఏ సాక్షీ ఒక్క ముక్కైనా చెప్పలేదని ఆవిడ ఫిర్యాదు చేసింది. గట్టున రెండు గుడారాలు వేశాం. మరిది వేసింది రెండుసార్లు అతని మీదే కూలింది. మాస్టారు చిన్న పొయ్యి మీద గుడ్లు వేయించాడు. నీళ్ళు మొదట రాగిరంగుకు, తర్వాత పలక రంగుకు మారేదాకా టైపిస్టమ్మ పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. రేపు దిగడమే అసలు పరీక్ష అని మాస్టారు రెండుసార్లు అన్నాడు.

మర్నాడు ఎండ పడ్డాక దిగడం మొదలుపెట్టాం. ఇప్పుడు కాగితం అక్షరాలా నిజమైంది. బస్సు పడిన చోటికి ముందే ఆవిడ తక్కువ గేరులోకి వచ్చింది. లారీ బ్రేకులు కాలిన వాలుకు ముందు పది నిమిషాలు ఆపి మా చేత టీ తాగించింది. జీపు జారిన చోట నడకలా పోనిచ్చింది. బ్రతికి బయటపడ్డవాళ్ళు ఇన్నేళ్ళు ఏడుస్తూ చెప్పినదంతా విన్న మనిషి నడిపే నడక అది. ఎనిమిదో మలుపు దాకా మాస్టారు సలహాలిచ్చాడు. ఆ తర్వాత గొంతు వినిపించకపోతే తొంగి చూశాను. తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, గుర్రుపెడుతున్నాడు. ఆయన నిద్ర చెడుతుందని ఆవిడ రెండుచోట్ల హారను కొట్టడానికి బదులు కారునే ఆపేసుకుంది.

కొండ కింద పెట్రోలు బంకులో ఆయన కళ్ళు తెరిచాడు. “ఇంకా ఎన్ని మలుపులున్నాయే?”

“అయిపోయాయండీ.”

ఆయన చుట్టూ చూసుకుని, గడ్డం తుడుచుకుని, చేసేది లేక నా వైపు తిరిగాడు. సాక్షిగా నేను తలూపాను. వెనక నుంచి మరిది గొంతు కాస్త నీరసంగా వచ్చింది. “వదినా, ఇలాంటిదే ఇంకో పాత కారు ఎక్కడైనా ఉంటే చెప్పు. ఎక్కడ కొనాలో నీకు తెలుసు కదా.”

“కారుదేముందయ్యా, దొరుకుతుంది,” అంది ఆవిడ గేరు మారుస్తూ. “ముందు నువ్వు గుడారం వేయడం నేర్చుకో.”