పోడు మీది పిల్లలను లెక్కలోకి తెచ్చిన సువార్తమ్మ మేడమ్

గత ఆదివారం ఉదయం మా ప్రాజెక్టు అధికారిణి శ్రీమతి సువార్తమ్మ గారు విజయనగరంలోని స్వగృహంలో గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారని ఫోనులో తెలిసింది. నేను నమ్మలేదు. రెండోసారి అడిగి చెప్పించుకున్నాను. శుక్రవారం నాడే కార్యాలయంలో నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, "ఇదేనా తిండి? కొండలెక్కే పిల్లవి!" అని మందలించిన మనిషి ఆమె. ఆ స్వరం ఇక వినబడదన్న సత్యాన్ని నా మనస్సు ఇంకా అంగీకరించడం లేదు.

తొంభైల తొలినాళ్ళలో ఆమె అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా డుంబ్రిగుడ ప్రాంతానికి వచ్చారు. ఏ ఊరిలో ఎందరు పసివాళ్ళున్నారో చూసి, అక్కడ అంగన్‌వాడీ కేంద్రం పెట్టడానికి నిధులు కోరుతూ ప్రతిపాదన పంపడం ఆమె విధుల్లో ప్రధానమైనది. ఆమె వచ్చేనాటికి మా ఊరికి కేంద్రం లేదు. అమ్మ చేనికి వెళితే తమ్ముణ్ణి చంకనెత్తుకోవలసినదాన్ని నేనే. బడిలో నా పేరుండేది, నేనుండేదాన్ని కాదు.

మేడమ్ తొలిసారి మా ఊరికి వచ్చింది చేనుకాపు రోజుల్లో. సామలు, చోళ్ళు గింజపట్టే ఆ కాలంలో మా వాళ్ళు పంట కాపలాకు పిల్లాపాపలతో కొండవాలు పోడు మీది గుడిసెలకు తరలిపోతారు. మేడమ్‌కు ఆ సంగతి తెలియదు. తాళాలు కూడా లేని ఖాళీ ఇళ్ళు చూసి, కేంద్రానికి సరిపడా పిల్లలు లేరని నివేదించారు. ఆ ఏటి ప్రణాళికలో మా ఊరు లేకుండా పోయింది.

మరుసటి ఏడు, మళ్ళీ కాపు రోజుల్లోనే, చింతపండు అమ్మడానికి కొండ దిగిన మా మామ్మ సంతలో ఆమెను పట్టుకుంది. "ఏటమ్మా, మా ఊర్లో పిల్లల్లేరని రాసినావంట! మరి మా కోడళ్ళు కన్నది ఏటి, కోడిపిల్లల్నా?"

"ఇంటింటికీ తిరిగానమ్మా. ఎవరూ కనబడలేదు."

"కాపురోజుల్లో ఊర్లో ఎవులుంటారు? సిలకలూ పందులూ తినేత్తే నువ్వెడతావేటి మాకు కూడు? బేగి రా, సూపిత్తాను."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? ఆళ్ళకి పెళ్ళిళ్ళయినాకా?"

సంతలోని వాళ్ళంతా నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, మామ్మ వెనకే కొండెక్కారు. దారిలో తెగిన చెప్పులు చేతపట్టుకుని మా గుడిసె దగ్గరకు వచ్చిన ఆమె రూపం నాకు నేటికీ కళ్ళకు కట్టినట్టుంది. తమ్ముణ్ణి ఎత్తుకున్న నన్ను చూసి, "బడికి వెళ్ళవా అమ్మా?" అని అడిగారు.

"ఈడు నడిత్తే ఎల్తాను" అన్నాను.

"ఈడు నడిసేసరికి ఇంకొకడు పుడతాడు మేడమ్!" అంది అమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. గుడిసె గుడిసెకూ వెళ్ళి, పొద్దు వాలేదాకా పిల్లల పేర్లు రాసుకున్నారు.

తరువాత జిల్లా సమావేశంలో జరిగినదాన్ని ఆమెతో వెళ్ళిన గుమస్తా గారు నేను ఉద్యోగంలో చేరాక చెప్పారు. మా ఊరి పేరు రాగానే ఒక అధికారి, "నిరుడు లేని పిల్లలు ఈ ఏడు ఎక్కడి నుంచి ఊడిపడ్డారమ్మా? నిధులు చూసి పుట్టారా?" అని పరిహసించారట.

"నిరుడూ ఉన్నారు సార్. నేనే తప్పు నెలలో వెళ్ళాను. శిక్ష నాకు వేయండి, వాళ్ళకు వద్దు."

"రాసిస్తారా?"

"రాసిస్తాను."

రాసిచ్చారు. ఆమె ఇంక్రిమెంటు ఆగింది, పదోన్నతి వెనకబడింది. మా ఊరికి కేంద్రం మంజూరైంది. దానికి మట్టిగోడలు మా వాళ్ళే పెట్టారు. తమ్ముణ్ణి అక్కడ దింపి నేను బడికి నడిచాను. మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి వ్యక్తిని కాగలిగానంటే ఆ నడక వల్లనే.

నేను సూపర్‌వైజరునై ఆమె దగ్గరే ఉద్యోగంలో చేరినప్పుడు, నా తొలి ప్రతిపాదన చూసి వెనక్కి ఇచ్చేశారు. "ఉన్నవాళ్ళకు సరిపోయేలా అడిగావు. నిధులు వచ్చేసరికి వీళ్ళ వెనక ఇంకొందరు ఉంటారు. గర్భిణులు ఎక్కడ? మళ్ళీ వెళ్ళు" అన్నారు. ఈ కొండల్లో కాన్పు గండం దాటి బతికే బిడ్డలు ఏటేటా పెరుగుతున్నారన్న ఆనందం ఆ కోపంలోనే ఉండేది. కొత్త ఊరికి కేంద్రం మంజూరైన రోజున కార్యాలయంలో అందరికీ తానే టీ పోసి ఇచ్చేవారు. ఆ టీలో చక్కెర మరీ ఎక్కువ. వద్దనే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు.

ఆమె కుర్చీలోకి రేపు మరొకరు వస్తారు. ఆమె లోటును పూడ్చే ఉత్తర్వు మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఆ మహనీయురాలి పాదాలకు ఈ కొండబిడ్డ శతకోటి వందనాలు.

అంత్యక్రియల మరునాడు పెదబయలు వైపు కొండ మీది ఒక ఊరికి వెళ్ళాను. అక్కడి చిలకమ్మ నిండు చూలాలు. మేడమ్ పోయారని చెప్పగానే కొంగుతో కళ్ళొత్తుకుంది. కాసేపటికి, "మరి ఈ ఏడు లెక్కకి ఎవులొత్తారు? నా కడుపులోదాన్నీ రాత్తానన్నారు మేడమ్" అంది దిగులుగా.

"నేను రాస్తాను అక్కా. అందుకే వచ్చాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే ఇద్దరని రాయి, గుంటా. ఈ కడుపు సూత్తంటే ఒక్కరే ఉన్నట్టు నేదు."

ఆమె పేరు రాసుకుని, కింద ఇద్దరికీ చోటు వదిలాను.