బాసింపట్టుకు రాని మోకాలు

మా వదిన ఫువతీనో మోకాలు మార్పించుకున్నది నేల మీద కూర్చోవడం కోసం. నడక ఎలాగో కుంటుకుంటూ సాగుతూనే ఉండేది. బాసింపట్టు వేసుకుంటే మాత్రం ఎడమ మోకాలి లోపల ఎముకలు ఒకదాన్నొకటి నూరుకుంటున్నట్టు ఉండేదట. మా సవాయీ దీవిలో నేల మీద కూర్చోలేని ఆడది నలుగురిలో లేనట్టే లెక్క. ప్రార్థన నేల మీదే, పంచాయితీ నేల మీదే, చాప అల్లడం నేల మీదే. కూర్చున్నవాళ్ళ వైపు కాలు చాపితే వాళ్ళను తిట్టినంత పని.

వదిన నా భర్తకు అక్క. ఆమె భర్త ఇయకోపో మా చర్చిలో పాస్టరుకు సాయపడే డీకను. మా రెండిళ్ళకూ మధ్య ఒక సీమపనస చెట్టు తప్ప ఏ అడ్డూ లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు సన్నచాప అల్లడం నేర్పింది ఆమే. మొగలి ఆకును ఉడికించి, సముద్రంలో నానవేసి, ఎండబెట్టి, దారమంత సన్నగా చీల్చి అల్లుతాం. ఒక్క చాపకు ఏడాది పైనే పడుతుంది. చావుకైనా పెళ్ళికైనా ఆ చాప ఇవ్వడమే మర్యాద. వదిన చాపను పట్టుకుంటే బట్ట పట్టుకున్నట్టు జారిపోతుందని పక్క ఊళ్ళలో కూడా చెప్పుకునేవారు.

పక్క దీవిలో ఉన్న అపీయా ఆస్పత్రికి బయటి దేశం నుంచి ఎముకల డాక్టర్లు వచ్చారని తెలిసి, ఇద్దరం పడవలో వెళ్ళాం. డాక్టరు మోకాలి ఫోటోను వెలుగుకు పట్టి చూసి ఏదో చెప్పాడు. నర్సు మా భాషలో విప్పి చెప్పింది: "మారుస్తారట. నడక బాగుపడుతుందట. నేల మీద కాళ్ళు మడిచి కూర్చోవడం మాత్రం ఆశ పెట్టుకోవద్దంటున్నారు."

బయటికి వచ్చాక అడిగాను. "విన్నావా వదినా, ఆయన చెప్పింది?"

"విన్నాను. బాగుపడుతుందన్నాడుగా."

"నడక బాగుపడుతుందన్నాడు."

"నడిచే కాలు కూర్చోదుటే? నువ్వు మరీను, లూసియా!"

ఆపరేషన్ అయింది. మోకాలి మీద నిలువునా పెద్ద కుట్టుతో వదిన ఇంటికి వచ్చింది. ఊరంతా చేమదుంపలూ చేపలూ మోసుకొచ్చి పరామర్శించి వెళ్ళింది. వచ్చిన ప్రతివాళ్ళూ "కదపకు తల్లీ, కదపకు" అనేవారే. ఆస్పత్రిలో చెప్పి పంపింది దానికి తలకిందులు. రోజుకు ఇన్నిసార్లు వంచాలి, చాపాలి అన్నారు. వదిన పళ్ళు బిగబట్టి వంచేది. కన్నీళ్ళు కారిపోతుంటే నా వైపు చూడకుండా తల అటు తిప్పుకునేది.

కొన్ని వారాలకు కాలు తగ్గాల్సింది పోయి బరువెక్కింది. కుట్టు కింది కొసన ఎర్రబడి, గుడ్డకు తడి అంటడం మొదలైంది. వదిన పినతల్లి కూతురు అపెరీల చూసి పెదవి విరిచింది. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ అల్లికలో పోటీ.

"ఇనుము పెట్టించుకుంటే ఇంతే మరి. మర్దన చేసే ముసలమ్మని పిలిపించు. నూనె రాసి రెండు పూటలు పడితే దారికొస్తుంది."

పిలిపించాం. ఆ ముసలమ్మ చేతులంటే మా వైపు అందరికీ గురి. మా పిల్లల బెణుకులన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. కొబ్బరినూనె సీసా పక్కన పెట్టుకుని గుడ్డ విప్పింది. వేలి వెనక వైపుతో ఒక్కసారి తాకింది. సీసాకు మూత పెట్టేసింది.

"నేను పట్టను."

"అదేమిటి అవ్వా, ఇంత దూరం వచ్చి?" అన్నాడు ఇయకోపో.

"లోపల ఎవరో పెట్టిన వస్తువుంది. బయట వేడి కాలిపోతోంది. నేను పిసికితే ఆ చెడు లోపలికి దిగుతుంది. రేపటి పడవకి తీసుకెళ్ళు నాయనా. మంచి రోజులు చూసుకుంటూ కూచోకండి."

ఆ మాటే వదిన కాలు నిలబెట్టింది. అపీయాలో మా దేశం డాక్టరు చూసి ఆ రోజే మళ్ళీ కోశాడు. చీమునంతా కడిగి, కొత్త కీలు లోపలి ప్లాస్టిక్ ముక్క మార్చాడు. ఆ తర్వాత వారాల తరబడి చేతికి సూది, సీసాల కొద్దీ మందు. నేను ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని. అన్నాళ్ళలో నొప్పికి పైకి ఏడవని మనిషి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

"నా చాప సగంలో ఉంది లూసియా. కొసలన్నీ ఎండి పెళుసెక్కిపోయి ఉంటాయి."

చీము పోయింది. జ్వరం పోయింది. నొప్పి పోలేదు.

అది పాత నొప్పిలాంటిది కూడా కాదు. మోకాలి చుట్టూ కొబ్బరిపీచు తాడు బిగించి కట్టినట్టు పట్టేసేది. కుట్టుకు ఒక పక్క చర్మం మొద్దుబారి గిల్లినా తెలిసేది కాదు, ఇంకో పక్క, మా వైపు ఆడా మగా కట్టే లుంగీ తగిలితేనే మంట. కాలు కుర్చీలో కూర్చునేంత వరకు వంగి అక్కడ ఆగిపోయేది. గట్టిగా నెడితే తలుపు గడియకు తగిలినట్టు ఆగేది. ఇంకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలన్నీ చూశాడు.

"ఫోటో బాగుంది. రక్తం బాగుంది. కీలు గట్టిగా కూర్చుంది."

"అన్నీ బాగుంటే, బాగాలేనిది ఎవరికి బాబూ?" అంది వదిన.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నొప్పి లేదని నేననను. కొంతమందికి ఇలా మిగిలిపోతుంది. మీకు చీము కూడా పట్టింది కాబట్టి లోపల మచ్చ కట్టి బిగుసుకుంది. ఇంకాస్త తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను. ఒకటి గుర్తుపెట్టుకోండి. చీము పట్టినప్పటి నొప్పి వేరు, అది ప్రమాదం. ఇప్పటిది వేరు. నడిచినా, వంచినా మీ కాలికి ఏమీ కాదు. ఎర్రబడినా, వేడెక్కినా, జ్వరమొచ్చినా ఆ రోజే రండి."

పడవలో వస్తున్నంతసేపూ వదిన నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. రేవు కనబడుతుండగా అంది: "అయితే నొప్పి తగ్గాక చేద్దాం అనుకున్న పనులన్నీ నొప్పితోనే చెయ్యాలన్నమాట. సరే. ముందే చెప్పుంటే ఇన్నాళ్ళు మంచం మీద పాడుచేసుకునేదాన్ని కాదు."

మర్నాటి నుంచి తెల్లవారగానే సముద్రం. మా తీరంలో చాలా దూరం వరకు నడుము లోతే. నీళ్ళలో కాలు తేలికవుతుంది. రాయి పట్టుకుని వంచేది, చాపేది, అటూ ఇటూ నడిచేది. నాకు చలేస్తున్నా పక్కన నిలబడేదాన్ని. ఇంట్లో మడమ కింద ప్లాస్టిక్ సంచి వేసుకుని గచ్చు మీద ముందుకూ వెనక్కూ జరిపేది. వాకిట్లో కలుపు వంగి తీయడం ఆమెకిక కుదరదు కనక ఇయకోపో ఆ పని తీసుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ అడిగేవారు.

"డీకనుగారూ, మా వాకిలి కూడా ఉంది, సాయంత్రం వస్తారా?"

"ఆదివారం చందా పెంచు, వస్తాను," అనేవాడు ఆయన తల ఎత్తకుండా.

కాస్త నడక కుదిరాక వదిన మళ్ళీ మహిళా సంఘం అల్లిక ఇంటికి బయలుదేరింది. గోడలు లేని పెద్ద ఇల్లు, చుట్టూ స్తంభాలు, నేలంతా చాపలు, ఒక్కో స్తంభం దగ్గర ఒక్కొక్కరు. నేను ఇంటి నుంచి కుర్చీ మోసుకొచ్చి చివరి స్తంభం దగ్గర వేశాను. వదిన కూర్చుంది. సంఘం పెద్దావిడ ఊరి పెద్ద భార్య. ఆవిడ నేల మీద, పాస్టరమ్మ నేల మీద, వదిన వాళ్ళందరికన్నా ఎత్తులో. అపెరీల అంది.

"అబ్బో, మహారాణిగారికి దణ్ణాలు! కిరీటం ఇంట్లో మర్చిపోయావా అక్కా?"

అందరూ నవ్వారు. వదినా నవ్వింది. కాని కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని అల్లితే సన్నచాప బిగువు రాదు. చాప నేల మీద పరుచుకుని ఉండాలి, దాని మీదికి మనిషి వంగాలి. కాసేపటికి ఆమె కొసలు చుట్టేసి లేచిపోయింది. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ ఏం చేసిందో ఎవరికీ తెలియదు, నాకూ ఇయకోపోకూ తప్ప. నేల మీదికి దిగడం, లేవడం నేర్చుకుంది. రెండు చేతులూ తిన్నెకు ఆనించి, మంచి కాలు వంచి, చెడ్డ కాలు ముందుకు జార్చి, పిర్రల మీద దిగాలి. మొదటిసారి దబ్బున పడింది. కొబ్బరికాయ పడిందనుకుని ఇయకోపో చెట్టు పైకి చూశాడు. లేవడం ఇంకా కష్టం. బోర్లా తిరిగి, చేతులు నేలకు తన్నిపెట్టి, ఎద్దు లేచినట్టు వెనక నుంచి లేవాలి. "చూడకండి, ఇద్దరూ అటు తిరగండి!" అని అరిచేది. తిరిగేవాళ్ళం. లేచాక చెమటతో, ఎర్రబడిన మొహంతో, "ఇంకోసారి" అనేది.

అయిదో రోజు సంఘం సమావేశం. అందరూ కూర్చున్నాక వదిన వచ్చి బయటి స్తంభం దగ్గరే నిలబడింది.

"పెద్దావిడా, పాస్టరమ్మగారూ, మన్నించాలి. ఒక మాట. నా కాలు ముడుచుకోవడం లేదు. రేపు ముడుచుకుంటుందని డాక్టరు చెప్పలేదు, నేనూ మీకు చెప్పలేను. కుర్చీలో కూర్చుంటే మీకంటే ఎత్తు, పైగా అల్లిక సాగదు. నేల మీద కూర్చుని కాలు చాపుకుంటాను. పైన చాప కప్పుకుంటాను. అది మీకు అవమానం అనిపిస్తే ఇప్పుడే మొహమ్మీద చెప్పండి. నా వెనక మాత్రం అనుకోవద్దు."

ముసలివాళ్ళు కప్పుకోవడం మాకు కొత్త కాదు. కాని అల్లిక ఇంట్లో, పనివేళ, రోజూ అంటే కొందరికి నచ్చలేదు. ఈ రోజు ఈవిడ, రేపు బద్ధకం పుట్టిన ప్రతిదీ కాళ్ళు బారజాపుతుంది అని ఒకామె గొణిగింది.

"కప్పే చాప మంచిదై ఉండాలి," అంది పెద్దావిడ. "చిరిగినది తెచ్చి మా వైపు పెడితే ఒప్పుకోను. కూచో."

వదిన కూర్చుంది. అందరి ముందూ చేతులాన్చి, జారి, దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చాప చూపే రోజుకు అప్పటికి వానాకాలం ఒక్కటే మిగిలింది. ఆ రోజు సంఘంలో ప్రతి స్త్రీ తన సన్నచాపను ఊరి మైదానంలో ఎత్తి పట్టుకుని నడవాలి. కాలు చాపుకుని ముందుకు వంగితే నడుం పట్టేది. కాసేపు అల్లితే మోకాలు సలిపేది. అప్పుడు లేచి సముద్రం కట్ట దాకా నడిచి వచ్చేది. మేం ముందుకు పోతుంటే ఆమె వెనకబడిపోయేది. కొన్ని రోజులు వాపెక్కి అసలు రాలేకపోయేది. అలాంటి రోజు వెళ్ళి చూస్తే తడిగుడ్డ వేసుకుని పడుకుని, పళ్ళు కొరుకుతూ, "ఇవ్వాళ దానిది. రేపు నాది," అనేది.

చాప పూర్తికాలేదు. చూపే రోజుకు మూరెడు పైన మిగిలిపోయింది. ముందు రోజు నేనే అన్నాను, "వచ్చే ఏడు చూపిద్దాం వదినా. ఎవరూ తప్పు పట్టరు."

"ఎంత అల్లానో అంత చూపిస్తాను."

ఎండ మాడిపోతోంది. మైదానం పొడవునా వరసలో నడిచాం, అందరి చాపలూ గాలికి జెండాల్లా ఆడుతూ. వదిన చాప ఒక అంచున అల్లని కొసలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కర్ర పట్టుకోవడానికి లేదు, రెండు చేతులూ చాపకే కావాలి. ఒక్కో అడుగుకూ ఆమె దవడ బిగుసుకోవడం పక్క నుంచి నాకు కనబడుతోంది. అప్పుడు మా వెనక వరసలోంచి అపెరీల గొంతు లేచింది.

"అక్కా, నీ చాపకు గడ్డం మొలిచిందే!"

"నీ మొగుడికి మొలవలేదు, నా చాపకైనా మొలవనియ్యవే!"

మైదానమంతా గొల్లుమంది. పాస్టరమ్మ విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. వదిన నవ్వుతూ, కుంటుతూ చివరి దాకా నడిచింది. చాప తనిఖీ చేసే పెద్దలు అల్లిన మేర వేళ్ళతో తడిమి, ఒకరినొకరు చూసుకుని, బాగుందన్నారు. బహుమతి మాత్రం అపెరీల చాపకే పోయింది. "ఇప్పుడు తెండి ఆ కుర్చీ," అంది వదిన. ఆ సాయంత్రం మోకాలు సీమపనస కాయంత అయింది. వారం పాటు మాత్రలు, మంచం.

చాపను మరుసటి ఏడు పూర్తి చేసింది. ఇయకోపో కన్నా పెద్దవాడైన ఇంకో డీకను చనిపోయినప్పుడు ఆ ఇంటికి ఇచ్చింది. ఇప్పుడు ఇంకొకటి మొదలుపెట్టింది. నొప్పి ఉంది. ముసురు రోజుల్లో ఎక్కువ, పడవ ప్రయాణం చేస్తే మరీ ఎక్కువ. ఏ పనికి కాలు ఎంత అలుగుతుందో ఆమెకు ముందే తెలుసు, తెలిసే చేస్తుంది. తోటకి కొండెక్కడం మానేసింది. చర్చిలో పాటలకి లేవడం మానలేదు.

మొన్న పక్క ఊరి నుంచి తౌసాల అనే ఆవిడ కర్ర ఊతంగా వచ్చింది. వచ్చే నెల ఆమెకూ మోకాలు మారుస్తారట. వాకిట్లో కూర్చుని అడిగింది. "నిజం చెప్పక్కా. చేయించుకున్నందుకు బాధపడ్డావా?"

వదిన లుంగీ పైకి లాగి కుట్టు చూపించింది.

"బాధపడిన రోజులున్నాయి. నీకు నాలా అవుతుందని లేదు. మా పాస్టరుగారి అన్నకి చేశారు, ఆయన పరుగెడుతున్నాడు. కాని నేను డాక్టరు మాట సగమే విన్నాను. నువ్వు పూర్తిగా విను. కూర్చోగలనా, ఎక్కగలనా అన్నీ అడుగు. ఇంటికొచ్చాక కదపకు అన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించెయ్యి. గుడ్డ తడిస్తే ఒక్క పూట కూడా ఆగకు."

"భయంగా ఉందక్కా."

"ఉంటుంది. కాలికి ఇప్పటి నుంచే బలం పట్టాలి. మార్చుకునే లుంగీ తెచ్చుకున్నావా?"

"లేదే."

"లూసియా, నీది ఒకటి ఇవ్వవే," అంది వదిన, స్తంభం పట్టుకుని లేస్తూ. "పదండి, ఎండ ముదరకముందే నీళ్ళలో దిగుదాం."