కారం తినలేని యాంకరమ్మ

కొత్తగా డిగ్రీ అయిపోయిన ఆ రోజుల్లో నాకు ఏ పని రాదో నాకే తెలిసేది కాదు. అమ్మ పెళ్లి సంబంధాల మాట ఎత్తేలోపు ఏదో ఒక ఉద్యోగంలో దూరిపోవాలని ముదిగొండలో బస్సెక్కి ఖమ్మంలో దిగే ఆడపిల్లని. "ఈత వచ్చా?" అని అడిగినా తడుముకోకుండా "వచ్చండీ" అనేదాన్ని (మునిగాక చూసుకుందాంలే అనే ధీమా). ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే ముందు నా నడుమును సంప్రదించి ఆ తర్వాత జవాబు చెబుతున్నాను. ఆ ధీమాతోనే నేనొకసారి ఖమ్మంలో ఒక కేబుల్ చానల్‌కు తిండి యాంకర్‌ని అయ్యాను. అంటే హోటళ్లకు పోయి, వాళ్లు పెట్టింది తిని, కెమెరా వైపు తిరిగి "ఆహా" అనడమే పని. ఇంతకంటే హాయైన ఉద్యోగం ఉంటుందా అనుకుంటారేమో. ఒకటే చిక్కు. నేను కారం తినలేను.

ఖమ్మం జిల్లాలో పుట్టి కారం తినలేకపోవడం ఎంత అప్రతిష్ఠో బయటివాళ్లకు అర్థం కాదు. సీజన్‌లో మిర్చి మార్కెట్ పక్కనుంచి ఆటోలో పోతేనే కొత్తవాళ్లు తుమ్మి తుమ్మి సోలిపోతారు, మనవాళ్లేమో ఆ ఘాటులోనే నిలబడి తాపీగా చాయ్ తాగుతుంటారు. పైగా మాది మిర్చి వేసే ఇల్లు. మా చేలో పండిన కాయ ఎక్కడెక్కడి నోళ్లనో మండించేది గానీ మా గడప తొక్కేది కాదు. నాన్న కడుపులో పుండు ఉండేది. ఇంట్లో ఒకరికి ఒక కూర, ఇంకొకరికి ఇంకో కూర వండే ఓపిక అమ్మకు లేదు. అందుకని నేను పాలు పోసి వండిన సొరకాయ, పెసరపప్పు, మిరియం కూడా భయపడుతూ పడిన చారు, వీటితోనే పెరిగాను. ఇంటర్వ్యూలో మా ఎండీ సారు (చానల్ అంటే టైలర్ షాపు పైన రెండు గదులే అయినా ఆయన్ను అందరం ఎండీ సారనే పిలవాలి) కళ్లద్దాల పైనుంచి చూసి, "కారం మంచిగ తింటవా అమ్మా?" అనడిగాడు. "మాది మిర్చి పండించే ఇల్లు సార్" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఆయన సంతోషించి, "ఇగ చెప్పేదేముంది, రేపట్నించి రా" అన్నాడు.

నాకంటే ముందు ఆ చానల్‌లో వంటల పుస్తకం చూసి వండే కార్యక్రమం వచ్చేదట. ఒకావిడ పుస్తకం పైకి చదువుతుంటే ఇంకొకావిడ వండేదట. చదివేది పూర్తయ్యేసరికి అడుగు మాడేది. ఎండీ సారు దాన్ని ఆపేసి, "వండుడు చూపిస్తే జనం మళ్లా వండుకోవాలె. తినుడు చూపిస్తే కూసొని చూస్తరు" అని ఈ కొత్త కార్యక్రమం పెట్టాడు. కెమెరా పట్టే ఆయన్ని అందరూ జూమన్న అనేవాళ్లు. పెళ్లి వీడియోలు తీసిన చేయి కదా, ముద్ద నోటి దగ్గరికి పోతే చాలు, ముఖం మీదికి జూమ్ చేసేవాడు. మంచి మనిషి. నా సంగతి రెండో రోజే కనిపెట్టాడు. "ఏంది చెల్లె, గారెకు నీళ్లు తాగుతున్నవ్?" అన్నాడు. చెప్పేశాను. అప్పట్నుంచి నా ముద్ద నోట్లోకి పోగానే ఆయన కెమెరాను కూర గిన్నె మీదికి తిప్పేవాడు, నేను ఆ సందులో ముద్దను చేతిరుమాల్లోకి దించేసేదాన్ని. అలా కొన్నాళ్లు మా బండి సాఫీగా నడిచింది.

ఆ తర్వాత ఎండీ సారుకు అడవి గుర్తొచ్చింది. "అందరు బొంగుల కోడి, బొంగుల కోడి అంటున్నరు, మనం పోయి అసలుది తీయాలె" అని మమ్మల్ని భద్రాచలం దారి పట్టించాడు. పినపాక అవతల, జూమన్నకు తెలిసిన ఒక కోయ కుటుంబం ఉంది. వాళ్ల ఇంటి ముందు మంట పెట్టి, పచ్చి వెదురు బొంగుల్లో కోడి ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి కాలుస్తుంటే ఆ వాసనకే నాకు ఆకలి దంచేసింది. వండుతున్న అవ్వ, కోడలు వాళ్ల భాషలో ఏదో అనుకుంటూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు. అడవిలో వాళ్లు పెద్దగా కారం వేయరని విన్నాను కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. చేతిరుమాలు కూడా జీపులోనే వదిలేశాను. అవ్వ బొంగు చీల్చి విస్తరాకులో ముక్కలు వేసింది. పెద్ద ముక్కే తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

చెవుల్లోంచి పొగ వస్తుందంటారే, అది ఊరికే అనే మాట కాదు. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి. ఎదురుగా అవ్వ ఆశగా చూస్తోంది, ఆమె ముందు ముద్ద ఉమ్మడానికి మనసొప్పలేదు. మింగాను. అవ్వ గాభరాగా నా దగ్గరికొచ్చి తల నిమిరి, "ఏమైంది బిడ్డా? అమ్మ యాదికొచ్చిందా?" అంది. నోరు మండిపోతుంటే తల ఊపేశాను. దాంతో అవ్వ కూడా కళ్లు తుడుచుకుంది, కోడలు తుడుచుకుంది, జూమన్న ఇవన్నీ వదలకుండా జూమ్ చేశాడు. తర్వాత నేను చెంబెడు నీళ్లు తాగి తేరుకున్నాక తెలిసింది, వాళ్లు తినే కూరలో నిజంగానే అంత కారం ఉండదట. "ఖమ్మమోళ్లు వస్తున్నరంటే, కారం తక్కువైతే మీకు సప్పగుంటదని, మీ కోసం దంచి పోసిన" అంది అవ్వ. ఆ ప్రేమకు దండం పెట్టడం తప్ప ఏం చేయగలను?

ఆ ఆదివారం అది చానల్‌లో వచ్చింది. సోమవారం పొద్దున్నే బస్సులో కండక్టర్ నన్ను చూసి, "మేడం, నిన్న మీరు ఏడుస్తుంటే మా ఆవిడ కూడా ఏడ్చింది" అన్నాడు. కూరగాయల మార్కెట్‌లో ఒకామె నా చెయ్యి పట్టుకుని, తిండి తిని గట్ల కదిలిపోయే మనిషిని ఎన్నడూ చూళ్లేదంది. ఎండీ సారు ఆనందానికి అంతే లేదు. "ఇగ జూమన్నా, ముఖం మీదనే ఉండు. గిన్నె మీదికి పోయినవో చూడు" అని హుకుం జారీ చేశాడు. దాంతో నా చేతిరుమాలు విద్యకు కాలం చెల్లింది. ఇక చూడండి, ఏ హోటల్‌కు పోయినా ముందు వంటింట్లోకి కబురు వెళ్లేది, "ఏడుపు మేడం వచ్చింది, కారం రెండింతలు తగిలించు" అని. బస్టాండ్ దగ్గర ఒక బిర్యానీ హోటల్ ఓనరైతే దగ్గరుండి వడ్డించి, "పక్కోని కాడ బాగ ఏడ్చిన్రంట. మా కాడ తక్కువ కావద్దు మేడం, ఇజ్జత్ కా సవాల్" అన్నాడు. ఆయన పరువు కాపాడాను. రోజూ ఇంటికొచ్చేసరికి పెదాలు గారెల్లా పొంగేవి. అమ్మ ఏమీ అడగకుండా చల్లన్నంలో మీగడ వేసి కలిపి ముందు పెట్టేది. నాన్న మాత్రం, "నా కడుపుల పుండు ఆస్తిలెక్క పంచుకుంటున్నవా బిడ్డా?" అని నవ్వేవాడు. ఆయన నవ్వులో దిగులు నాకు కనబడేది. కానీ జనం గుర్తుపట్టి పలకరించడమనే మత్తు ఉందే, అది ఆ మంటకంటే గట్టిది.

జూమన్న రోజూ మధ్యాహ్నం ఒక మెస్సులో తినేవాడు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి, భర్త పోయాక పిల్లాడి చదువు కోసం ఖమ్మంలో ఆ మెస్సు పెట్టుకున్న ఒకావిడది. తినేవాళ్లందరికీ ఆవిడ పిన్నే. కొత్త బిర్యానీ హోటళ్లు వచ్చాక పిన్ని బల్లలు ఖాళీ అయిపోయాయి. "ఇట్లనే ఉంటే వచ్చే నెల తాళమేసి ఊరికి పోతదట చెల్లె. మనం ఒక్కసారి చూపిస్తే నలుగురు వస్తరు" అని బతిమాలాడు జూమన్న. వెళ్లాం. పిన్ని కొత్త చీర కట్టుకుని, బల్లలు తుడిచి, అరటాకు వేసి మా కోసం చూస్తోంది. పాలు పోసి వండిన బీరకాయ, నెయ్యి వేసిన ముద్దపప్పు, మెంతుల తాలింపు పెట్టిన మజ్జిగ పులుసు. మొదటి ముద్దకే నా నాలుక ఎన్నో రోజుల తర్వాత సొంతూరికి చేరింది. యాంకర్‌ని అన్న సంగతే మరిచిపోయాను. "ఆహా" అనలేదు, కెమెరా వైపు చూడలేదు, తలొంచుకుని తింటూనే ఉన్నాను. తలెత్తేసరికి పిన్ని ముఖం వాడిపోయి ఉంది.

"ఏంటమ్మా, బాగాలేదా?" అంది చిన్న గొంతుతో.

"ఎంత బాగుందో చెప్పలేను పిన్నీ."

"మరి కళ్లల్లో నీళ్లు రాలేదేంటమ్మా? అందరి దగ్గరా వచ్చినయ్యి కదా." అలా అంటుంటే ఆవిడ కళ్లల్లోనే నీళ్లు తిరిగాయి.

ఆవిడ భయపడినట్టే అయింది. అది చానల్‌లో వచ్చాక ఊళ్లో ఒకటే మాట, ఆ మెస్సులో మేడమ్‌కు ఏడుపు రాలేదంటే తిండి అంతంతమాత్రమే అని. ఉన్న నలుగురిలో ఇద్దరు మానేశారు. జూమన్న నన్నేమీ అనలేదు గానీ, నాతో మాట్లాడటం తగ్గించాడు. అది ఏ మిరపకాయ కంటే ఎక్కువ మండింది. వారాంతంలో చానల్‌లో ప్రేక్షకుల ఫోన్లు తీసుకునే లైవ్ కార్యక్రమం ఉంది. ఆ రోజు నిజం చెప్పేద్దామని బస్సులో మాటలన్నీ కూడగట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని ఎండీ సారు. కూడగట్టిన మాటలన్నీ గొంతులోనే చల్లారిపోయాయి. మొదటి ఫోనాయన అదే అడిగాడు, "మెస్సుల ఎందుకు ఏడ్వలే మేడం?" ఏదో నసిగాను. ఆ తర్వాతి ఫోను ఎత్తగానే, "హలో, నేను ముదిగొండ నుంచి మాట్లాడుతున్న" అని వినబడింది. మా అమ్మ.

"మేడం లేదు ఏం లేదు, అది నా బిడ్డ" అంది అమ్మ, ఊరందరూ వింటుండగా. "అది ఏడ్చుడు కూర బాగుండి కాదయ్యా. దానికి కారం పడదు. చిన్నప్పట్నుంచి అంతే. పొద్దంతా మీరు పెట్టినయి తిని, మూతి వాచి, ఇంటికొచ్చి పెరుగన్నం తిని పంటది. మొన్న ఒక్క నాడు మాత్రం మూతి వాయకుండ వచ్చింది. అన్నం పెడతనంటే, ఆ మెస్సుల కడుపునిండ తిన్ననే అమ్మా అన్నది. పరాయి ఊళ్లె నా బిడ్డకు కమ్మగ పెట్టిన ఆ తల్లికి నా దండాలు చెప్పున్రి." ఫోన్ పెట్టేసింది.

ఎండీ సారు లేచి నిలబడి రెండు చేతులతో "కట్, కట్" అని సైగలు చేస్తున్నాడు. జూమన్న అటువైపే చూడకుండా నా ముఖం మీదికి మెల్లగా జూమ్ చేశాడు. ఆ క్షణంలో నా ముందు కూర లేదు, పచ్చడి లేదు, అయినా నేను వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, "అవ్, మా అమ్మ చెప్పింది నిజమే" అని ఆ ఒక్క ముక్కా అనగలిగాను.

మర్నాడు మధ్యాహ్నం భయం భయంగా మెస్సుకు పోతే కూర్చోవడానికి చోటు లేదు. ఖమ్మంలో కారం తినలేనివాళ్లు ఇంతమంది ఉన్నారా, ఇన్నాళ్లు ఎక్కడ దాక్కున్నారా అని ఆశ్చర్యపోయాను. దవాఖానాలో పేషెంట్లను ఉంచుకున్న చుట్టాలు, బీపీ వాళ్లు, చంటిపిల్లల తల్లులు, రోజంతా మిర్చి బస్తాల మధ్య గడిపి అన్నంలో కూడా దాన్ని చూడలేనన్న మార్కెట్ హమాలీ. ఒక మూల గోడ వైపు తిరిగి ఎవరో గబగబా తింటుంటే తొంగి చూశాను. బిర్యానీ హోటల్ ఓనర్. "గ్యాస్ ప్రాబ్లం మేడం, ఎవరికీ చెప్పకున్రి" అన్నాడు, నోటి నిండా ముద్దపప్పుతో. పిన్ని గరిటె పట్టుకునే వచ్చి నన్ను కావలించుకుంది. నా డ్రెస్సు నిండా మజ్జిగ పులుసు. ఆవిడ ఊరికి పోలేదు. ఇప్పటికీ ఆ మెస్సు ఉంది, కొడుకు చూసుకుంటున్నాడు.

నా యాంకర్ వైభవం మాత్రం అంతటితో ముగిసింది. ఏడ్వని మేడం తమకు అక్కర్లేదని హోటళ్లవాళ్లు తప్పుకున్నారు, కార్యక్రమం ఆగిపోయింది. ఎండీ సారు కొన్నాళ్లు మూతి ముడుచుకుని, చివరికి జాలిపడి, "వార్తలు చదువు, అండ్ల ఎవ్వడు కారం కలపడు" అన్నాడు (ఆ రోజుల్లో నిజంగానే కలిపేవాళ్లు కాదు). ఆ తర్వాత నేను బీఎడ్ చేసి టీచర్‌నయ్యాను. అమ్మను ఎందుకట్లా ఫోన్ చేశావని అడిగితే, "నువ్వు చెప్తవని చూసిన. నువ్వు చెప్పేటట్టు కనపడలే" అంది, అంతే.

మొన్నామధ్య మా వారితో కలిసి వైరా రోడ్డులో కొత్తగా తెరిచిన హోటల్‌కు వెళ్లాను. పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి ఫోన్ ముందు పెట్టుకుని వేపుడు తింటూ వీడియో తీసుకుంటోంది. "సూపర్ గాయ్స్, అసలు కారమే లేదు" అంటోంది గానీ ముక్కు ఎర్రగా కందిపోయింది, కళ్లు చెమ్మగిల్లాయి. నాకు ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపించింది. ఫోన్ పక్కన పెట్టేదాకా ఆగి, నా పెరుగు గిన్నె ఆమె ముందుకు జరిపాను. ఒక్క గుక్కలో సగం తాగేసి, ఊపిరి పీల్చుకుని, నా వైపు ఎంతో కృతజ్ఞతగా చూసి నవ్వింది.

"థాంక్యూ ఆంటీ" అంది.

పినపాక బొంగు కోడి కూడా అంతగా మండలేదు.