నాన్న తట్టి చూసిన బస్సు గిటారు

ముందుగా క్షమించాలి. నా దస్తూరి బాగోదు, తప్పులు కూడా ఉంటాయి. మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆపేశాను. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు ఫోటో తీసి ఇక్కడ పెడుతోంది. 'బేస్' అని రాయాలో 'బాస్' అని రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు... మా ఊళ్ళో అందరూ బస్సు గిటారు అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

మా చిన్నప్పుడు... అంటే నాకు పదిహేనేళ్ళప్పుడు... రాజమండ్రిలో ఒక పాత వాద్యాల కొట్టు. గోడకి ఆనించి రెండు బస్సు గిటార్లు. ఒకటి నల్లది, ఒకటి కాఫీరంగుది. వాటి ముందు నేనూ, నాన్నా.

మా ఊరి ఆర్కెస్ట్రా సూర్రావు మాస్టారిది. మామూలు గిటారు లావు తీగల మీద నాకు కొంచెం నేర్పారు. "బస్సు గిటారు మీరు తెచ్చుకుంటే అది వాయించే చోటు మీవాడిదే" అని నాన్నతో అన్నారు. నాకు జనం ముందు నిలబడాలంటే భయం. కానీ బస్సు గిటారు వాయించేవాణ్ణి ఎవరూ చూడరు... వెనకాల నిలబడొచ్చు. అందుకే ఆ చోటు కావాలనుకున్నాను. నాన్నని అంతగా ఇంకేదీ అడగలేదు.

నల్లది తేలిక. మెడ సన్నం. తీగలు మెడ మీది మెట్లకి దగ్గరగా ఉన్నాయి, వేలు ఆనిస్తే చాలు. కాకపోతే గొంతు పట్టేసిన మనిషిలా మూలిగింది. కాఫీరంగుది బరువు. మెడ రోకలిలా ఉంది. తీగలు ఎత్తు, నొక్కితే వేలు కోసుకుపోతోంది. కానీ మోగిస్తే కొట్టు బల్ల మీది గ్లాసు అదిరింది.

నాన్న గోదావరి మీద చేపలు పట్టేవాడు. పడవ కొనేముందు ప్రతి బల్లనీ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది. లోపల పుచ్చుంటే డొల్లగా పలుకుతుంది. ఆ రోజూ అలాగే రెండు గిటార్లనీ ఒళ్ళంతా తట్టాడు.

"నల్లదాన్లో నీళ్ళు దిగాయిరా" అన్నాడు.

కొట్టతను నవ్వాడు. "ఇది కరెంటు గిటారండి బాబాయ్. పలికేది చెక్క కాదు. తీగ కింద అయస్కాంతం ఉంది చూడండి, అదీ."

"ఏదైనా చెక్క చెక్కేగదండి."

"గోదాట్లో వేస్తారేంటండి దీన్ని?"

"మావాడి బతుకు వేస్తున్నానండి" అన్నాడు నాన్న. నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఏరా, నీకేది?" అన్నాడు.

నాకు నల్లది కావాలి. "నీ ఇష్టం నాన్నా" అన్నాను.

కాఫీరంగుది ఇంటికొచ్చింది.

కోరుకొండ తీర్థానికి ఇంకా నెల రోజులుంది. అక్కడ మా ప్రోగ్రాం. వారానికే నాలుగు వేళ్ళూ పుళ్ళు పడ్డాయి. మాస్టారు చూసి, "తీర్థం నాటికి చెయ్యి తిరక్కపోతే సత్తిబాబు వాయిస్తాడు" అన్నారు. సత్తిబాబు మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అతని తమ్ముడు, పొడుగు వేళ్ళవాడు. మేం వదిలేసిన నల్లది వాడే కొనుక్కున్నాడు కూడా.

నాన్న నా వేళ్ళకి ఆముదం రాసేవాడు. "వల తాడు లాగేటప్పుడు మాకూ ఇంతేరా. ముదురుతాయి" అనేవాడు.

ముదిరాయి గానీ పరుగెత్తలేదు. ఆ మెడ మీద పది స్వరాలు వాయించాల్సిన చోట నాకు నాలుగే అందేవి. ఏ నాలుగు ఉంచాలో, ఏ ఆరు వదలాలో చూసుకునేవాణ్ణి... కోరుకొండలో అలాగే వాయించాను. దిగాక మాస్టారు, "మాటల్లాగే వాయించడమూ తక్కువేనేంట్రా నీకు" అన్నారు. మళ్ళీ ఆయనే, "అలాగే ఉండనీ" అన్నారు. చోటు నిలిచింది. ముప్పై ఏళ్ళు నిలిచింది.

లౌడ్‌స్పీకరు పక్కనే కూర్చుని విన్న నాన్న, "చెక్క పలికిందిరా" అన్నాడు. ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత సత్తిబాబు ఆ నల్లది పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "నువ్వే ఓసారి చూడరా, మొదట్నుంచీ మూలుగుతానే ఉంది" అన్నాడు. తీగలు చూశాను. జిడ్డు, తుప్పు. ఎప్పుడూ మార్చలేదట. కొత్త తీగలు వేసి, నా స్పీకరు పెట్టెకే కలిపి వాయించాను.

కాఫీరంగుదానికి ఏమీ తీసిపోలేదు... కళ్ళు మూసుకుంటే ఏది ఏదో నాకే తెలియలేదు. పైగా వేళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. అన్నేళ్ళూ తేడా చెక్కలో లేదు. తీగల్లో ఉంది.

బయట అరుగు మీద నాన్న వల అల్లుకుంటున్నాడు. అక్కణ్ణించే అన్నాడు... "విన్నావా సత్తిబాబూ, మావాడి గిటారు గొంతు? ఆ రోజు తట్టి మరీ తీసుకున్నాను."

సత్తిబాబు నా ముఖం చూశాడు.

"అవును నాన్నా" అన్నాను.

ఆ రోజు మోగింది నల్లదని నాన్న పోయేదాకా చెప్పలేదు. సత్తిబాబూ చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలికి బస్సు గిటారు కావాలట. ఫోనులో బోలెడు వీడియోలు విని, మొన్న నన్ను కొట్టుకి తీసుకెళ్ళింది. తేలికది ఒకటి, బరువుది ఒకటి. "సౌండు దీనిది బాగుంది తాతయ్యా, చేతికి అది బాగుంది. ఏది తీసుకోను?" అంది. రెండిటికీ తీగలు కొత్తవే. నాకు తెలియకుండానే నా వేలు రెండిటినీ తట్టింది. రెండూ ఒక్కలాగే పలికాయి. ఆదివారం చెప్తానని వచ్చేశాను.

నాన్నకి గిటారు గురించి ఏమీ తెలియదు, అయినా తేల్చి చెప్పాడు. నాకు కాస్త తెలుసు... తేల్చలేకపోతున్నాను.

మీ ఇంట్లో పెద్దలు తట్టో, ఊదో, వాసన చూసో ఇలా కొన్న వస్తువు ఏదైనా ఉంటే రాయండి. ఆదివారం మళ్ళీ కొట్టుకెళ్ళాలి. తేలికదా, బరువుదా... అది కూడా ఆలోపే ఒక ముక్క రాస్తే మేలు.