బరువు తెలియని బండి

పలాసలో గోవిందరావు షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు. "రేకుల కింద మాస్టారి స్కూటరు కనిపిత్తాది సూడండి, అదే" అంటారు. ఆ మాస్టారిని నేనే. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. నా స్కూటరు ఇంట్లో కంటే ఆ షెడ్డులోనే ఎక్కువ రోజులుంది. మరమ్మతు ఒక వంక మాత్రమే. సాయంత్రం బడి వదిలాక అక్కడ పాత టైరు మీద కూర్చుని, ఎదురు మిల్లులో జీడిపిక్కలు కాలుతున్న వాసన పీలుస్తూ నాలుగు మాటలు వినకపోతే నాకు రాత్రి అన్నం సహించదు.

గోవిందరావుకి అరవై దగ్గర పడ్డాయి. సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఏ బండి కిందకైనా పిల్లిలా దూరిపోతాడు. నలభై ఏళ్ళుగా ఒక్క బ్రేకుల పనే చేస్తున్నాడు. ఎవరైనా ఇంజను పని తెస్తే, "నడిపించే ఇద్దె నాకు రాదు బావూ, ఆపే ఇద్దే వొచ్చు" అని పక్క షెడ్డుకి పంపించేస్తాడు. ఇది వినయమని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు, పొగరే. గోవిందరావు చెయ్యి పడిన బండి అదే జబ్బుతో మళ్ళీ రాదని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ నా అనుమానం ఆయన మీదే.

అలాంటి షెడ్డుకి బాలకృష్ణ పికప్పు రెండు నెలల్లో మూడుసార్లు వచ్చింది.

బాలకృష్ణ వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం మనిషి, గోవిందరావుకి వరసకి బావ. భార్య రత్నాలమ్మ తోటల వెంట తిరిగి కొబ్బరికాయ బేరమాడి కొంటుంది. ఈయన దాన్ని పలాసకో టెక్కలికో తోలతాడు. బండికి పదిహేనేళ్ళు దాటాయి, డీజిల్ బండి. దాన్ని చూసుకున్నంత అపురూపంగా ఆయన మరే ప్రాణినీ చూసుకోడు. శుక్రవారం పొద్దున్నే కడిగి బొట్టు పెట్టి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా కింద పడుకుని ప్రతి కీలుకీ గ్రీజు రాస్తాడు. "నా మోకాళ్ళకి ఒక్కనాడైనా అంత నూనె రాసినాడేటి?" అని రత్నాలమ్మ దెప్పుతుంటుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఉద్దానంలో బరువేస్తే బండి వెనక్కి కుంగడం పరువు తక్కువ. అందుకని పికప్పు ఉన్న ప్రతివాడూ వెనక కమాను కట్టల్లో అదనంగా ఒకటో రెండో ఉక్కు పట్టీలు వేయించుకుంటాడు. రెండు వేల కాయ ఎక్కించినా సరుకు వేసే డెక్కు అంగుళం దిగకుండా నిలబడితే, యజమాని పది మందిలో మీసం మెలేస్తాడు. మీసం లేని బాలకృష్ణ కూడా ఈ వేసవిలో పట్టీలు వేయించుకుని చెయ్యి పైపెదవి మీదకి పోనిచ్చాడు.

ఇక జబ్బు సంగతి. ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే బండి నేల కరుచుకుని ఆగుతుంది. కాయ వేసుకుంటే మాత్రం ఆగమన్న చోట ఆగదు. ఇంకో నాలుగు బారలు పోయి, అప్పుడు ఆగుతుంది.

మొదటిసారి గోవిందరావు లైనింగులు మార్చాడు. రెండోసారి మాస్టర్ సిలిండరు విప్పి, లోపలి రబ్బర్లన్నీ కొత్తవి వేసి, గొట్టాల్లో గాలి చుక్క లేకుండా ఆయిలు పట్టాడు. మూడోసారి వెనక డ్రమ్ములు లేతు మీద నున్నగా తీయించుకొచ్చాడు. ప్రతిసారీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట వేగంగా తోలి ఒక్క తొక్కు తొక్కేవాడు. నేను ముందు అద్దాన్ని ముద్దు పెట్టుకోబోయి ఆగేవాణ్ణి. "ఏటి మాస్టారూ, ఆగినాదా నేదా?" అనేవాడు. ఆగిందనే చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు.

మూడోసారి ఉండబట్టలేక, ద్రవంలో ఒక చోట కలిగించిన పీడనం అన్ని వైపులకీ సమానంగా ఎలా పాకుతుందో టీ గ్లాసు పట్టుకుని వివరించాను. పదో తరగతి పిల్లల కంటే శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "బాగా సెప్పినారు. ఆ గ్లాసు అలగొగ్గీసి, ఆ పద్నాలుగు నెంబరు స్పానరు ఇలగివ్వండి" అన్నాడు.

ఆ వారమే బాలకృష్ణ, పక్కన భార్యని కూర్చోబెట్టుకుని, నిండు కాయతో కాలువ గట్టు దిగుతూ బ్రేకు తొక్కాడు. బండి ఆగకుండా ఒకాయన జీడితోట కంచె తోసుకుని లోపలికి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బండి దిగిన రత్నాలమ్మ కంచె వంక చూసి, మొగుడి వంక చూసి, ఒకే ఒక్క మాట అన్నదట. "ఆదోరం నిమ్మాడ నుంచి బేరగాడొత్తాడు. బండి అమ్మెత్తన్నాను."

ఆ కబురు చెప్పడానికి బాలకృష్ణ బస్సులో వచ్చాడు. షెడ్డులో నా పక్క టైరు మీద కూలబడి, "ఆ బండి నేకపోతే నానెవుడిని మాస్టారూ? దానెనకాల బతికినోణ్ణి" అంటూ తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు చాలా జాలేసింది. గోవిందరావు స్పానరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆయనకి కోపం వస్తే అంతే చేస్తాడు. ఆ కోపం తన మీదేనని నాకు అర్థమైంది.

మర్నాడు శుక్రవారం, బడికి సెలవు. పది గంటలకి ఆ పికప్పు నత్తనడకన వచ్చి షెడ్డు ముందు ఆగింది. డెక్కు నిండా కాయ. పక్క సీట్లో రత్నాలమ్మ.

మా వైపు బరువుతో ఎవరూ షెడ్డుకి రారు. సరుకు దించేసి, డెక్కు ఊడ్చి మరీ తీసుకురావడం మర్యాద. నిండు బండికి జాకీ పెట్టమంటే ఏ మెకానిక్కైనా తిడతాడు. గోవిందరావు కూడా మొదలుపెట్టాడు. "ఇదేటి సెల్లమ్మా! కాయ దింపకుండా తెచ్చినారు?"

"అన్నియ్యా, నీ కాడికి వొచ్చినప్పుడల్లా ఇది కాళీగా వొత్తాది, బుద్దిగా ఆగతాది. నాను కాళీ బండితో యాపారం సేత్తనానేటి? ఎక్కు. బరువుతోనే తోలి సూడు. ఆగితే నాను నోరు మూసుకుంటాను. ఆగకపోతే ఆదోరం అమ్మెత్తాను."

నలభై ఏళ్ళ అనుభవానికి ఆ మాట ఎదురుదెబ్బే. అయినా గోవిందరావు స్టీరింగు ముందు ఎక్కి కూర్చున్నాడు. పక్కన రత్నాలమ్మ కదల్లేదు. బాలకృష్ణా నేనూ వెనక కాయ మీదకెక్కాం. శాస్త్రం కోసం నేను చేసిన సాహసం అదొక్కటే. ఊరు దాటి, మనుషులు తిరగని ఒక చిన్న పల్లంలో, మనిషి పరుగెత్తేపాటి వేగంతో దిగుతూ గోవిందరావు బ్రేకు తొక్కాడు. బండి వినలేదు. మళ్ళీ గట్టిగా తొక్కాడు. అది తాపీగా ముందుకు సాగి, దారి చివర వేసిన గడ్డికుప్పలో మూతి పెట్టి నిలిచింది. ఒక పాతిక కాయలు నా ఒళ్ళోకి దొర్లాయి.

గోవిందరావు దిగి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, నిండు బండి కింద దూరాడు. ఆలోచిస్తే, బరువున్న బండి కడుపు ఆయన చూడటం అదే మొదలేమో. ఎంతసేపటికీ బయటికి రాలేదు. రత్నాలమ్మ కూడా గాభరాపడి, "అన్నియ్యా, బాగున్నావా?" అంది. అప్పుడు కింద నుంచి నవ్వు వినిపించింది. నవ్వు ఆగి, ప్రశ్న వచ్చింది.

"బావా, ఇరుసు మీద ఈ కడ్డీకి గ్రీజు ఎవులు రాత్తన్నారు?"

"నానే. పెతీ సుక్కురారం," అన్నాడు బాలకృష్ణ, ఇంత కష్టంలోనూ కాస్త గర్వంగా.

గోవిందరావు గడ్డిపరకలతో బయటకి వచ్చి, నేల మీదే కూర్చుని చెప్పాడు. ఈ బండికి వెనక ఇరుసు మీద ఒక చిన్న వాల్వు, దానికో కడ్డీ ఉంటాయి. బరువు పడితే డెక్కు కుంగుతుంది. కుంగితే కడ్డీ కదిలి వాల్వు బాగా తెరుచుకుంటుంది, వెనక చక్రాలకి ఆయిలు ఎక్కువ పీడనంతో పోతుంది, బ్రేకు గట్టిగా పడుతుంది. డెక్కు కుంగకపోతే బండి ఖాళీగా ఉందని దాని లెక్క. వెనక చక్రాలు బిగుసుకుని జారిపోకుండా పీడనం తగ్గించేస్తుంది.

"మనం పట్టీలేసి కుంగనియ్యకుండా నిలబెట్టీసినాం. రెండు వేల కాయ మోత్తన్నా సరే, మోత్తన్నట్టు దానికి తెలీదు."

"మరి మా ఊర్లో అందరూ ఏయించుకున్నారు కదేటి? ఆల బండ్లు ఆగతన్నాయి కదా!" అన్నాడు బాలకృష్ణ.

"ఆల కడ్డీలు ఏనాడో తుప్పట్టి, బరువేసినప్పుడున్న కాడే బిగిసిపోనాయి. కాళీగా పోతే జారిపోతాయి గానీ, కాయేత్తే ఆగతాయి. నువ్వు గ్రీజు రాసి రాసి నీదాన్ని కొత్తదానిలాగ పని సేయించినావు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. జబ్బు కోసం బండంతా విప్పారు, బండిలో జబ్బే లేదు. నేను పడీపడీ నవ్వాను. పీడనం పాఠం చెప్పిన నాకైనా తట్టలేదన్నది ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

మెల్లగా షెడ్డుకి తోలుకొచ్చి, కాయని నీడన దింపించి, రెండు గంటల్లో ఆ పట్టీలు ఊడదీశాడు. మళ్ళీ అదే కాయ ఎక్కించారు. ఈసారి డెక్కు వెనక్కి చక్కగా కుంగింది. బాలకృష్ణ మొహం కూడా దాంతోపాటే కుంగింది. అదే పల్లంలో, అదే వేగంతో తోలితే, గడ్డికుప్ప ఇంకా పది బారల దూరంలో ఉండగానే బండి ఆగింది. రత్నాలమ్మ ఒక నిట్టూర్పు విడిచింది. రెండు నెలలుగా ఆమె ఆ సీట్లో ఎంత భయాన్ని పట్టుకుని కూర్చుందో ఆ ఒక్క ఊపిరిలో తెలిసింది.

అక్కడితో కథ అయిపోవచ్చు. గోవిందరావుకి పేరు, బాలకృష్ణకి బండి. పట్టీలు ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. కమాన్ల పని వేరే వాళ్ళది కాబట్టి నాకూ అనుమానం రాలేదు. గోవిందరావే చేతులు తుడుచుకుని రత్నాలమ్మ ముందు నిలబడ్డాడు.

"సెల్లమ్మా, ఆ పట్టీలేసింది నానే. నా పని కాదని తెలుసు. బావ అడిగినాడని మొగమాటానికేసినాను. ఆటి మూలానే మీరిద్దరూ కంచెలోకి పోనారు. తప్పు నాది."

గోవిందరావు నోట తప్పు అనే మాట విన్నది నేను అదే మొదటిసారి. రత్నాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"కాళీ బండి పంపింది నాను. గ్రీజు రాసింది ఈయన. పట్టీలేసింది నువ్వు. అందరం తలా కాసింత సేసినాం. మాస్టారొక్కరే ఏటీ సేయనేదు," అని నా వైపు చూసి, అప్పుడు నవ్వింది. మొగుడితో, "తోలు, టెక్కల్లో కాయకి ఎదురు సూత్తంటారు" అంది.

ఆదివారం నిమ్మాడ బేరగాడు కొబ్బరిబొండం తాగి వెళ్ళిపోయాడు. బాలకృష్ణని మాత్రం తోటి బండ్ల వాళ్ళు దారంతా ఏడిపిస్తున్నారు. "ఏటి మావా, నీ బండి కూకుండిపోనాదేటి?" అంటే, "కూకుంటాది. ఆగమంటే ఆగతాది. మీదాగతాదేటి?" అని పైపెదవి మీద చెయ్యి వేస్తున్నాడు.

ఊడదీసిన ఆ పట్టీలు ఇప్పుడు గోవిందరావు షెడ్డులో గుమ్మానికి ఎదురుగా మేకుకి వేలాడుతున్నాయి. మొన్న సంతబొమ్మాళి నుంచి వచ్చిన కొత్త డ్రైవరు, "మీ సెయ్యి పడితే బండి మళ్ళీ రాదంట కదా" అన్నాడు. గోవిందరావు వాటి వైపు వేలు చూపించాడు.

"ఒకటి మూడుసార్లు వొచ్చినాది బావూ, నా సేతి మూలానే. ముందు ఎల్లి, నువ్వు రోజూ మోసే బరువేసుకుని రా. అప్పుడు సూద్దాం."