పెద్దమ్మ తుపాకీ ముందుచెక్క

దుకాణంవాళ్లు మా పెద్దమ్మ తుపాకీ ముందుచెక్కను బెత్తెడు మేర కోసేశారు. అడిగి కోయలేదు, చెప్పి కోయలేదు. కోసి, కొసను నున్నగా గీకి, వార్నీషు పూసి, నేనిచ్చిన పాత దుప్పట్లోనే చుట్టి, నవ్వుతూ నా చేతిలో పెట్టారు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలి. నేను ఎప్పుడూ ఖమ్మంలో ఒక తుపాకుల దుకాణంలో పెట్టి, ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకుంటాను. ఆ వరసలో నిలబడటం నాకు ఇష్టంగానే ఉండేది. ఎక్కడెక్కడి వాళ్లో దుప్పట్లలో, చీరల్లో, ఎరువుల సంచుల్లో చుట్టి పాత జోడుగొట్టాల తుపాకులు తెస్తారు. అందరూ ఎవరు గెలుస్తారని మాట్లాడుకుంటుంటే నేను చెయ్యి చాపి, "ఒక్కసారి మీ చెక్క చూడొచ్చా?" అని అడిగి జానపెట్టి కొలుస్తాను. ఒకాయన తన తుపాకీని అవతలి భుజానికి మార్చుకుని, "ఏంది పెద్దాయనా, పిల్లనిస్తవా ఏంది దీనికి?" అన్నాడు కూడా. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. పాత కాగితాల కొట్టులో తూకానికి కొన్న ఇంగ్లీషు కేటలాగులను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్న విద్య ఇది. దీనికి పట్టా ఎవరూ ఇవ్వరు కనుక, దొరికిన ప్రతివాడికీ చెబుతుంటాను.

తుపాకీ ఎరుగనివారికి రెండు ముక్కలు. భుజానికి ఆనేది వెనకచెక్క. గొట్టాల కింద ఎడమచెయ్యి పట్టేది ముందుచెక్క. పాతకాలపు జోడుగొట్టాలకు ఈ ముందుచెక్క సన్నగా, జానెడుకు అటూ ఇటూగా ఉంటుంది. చెయ్యి కాస్త ముందుకు పోతే తగిలేది ఇనుమే. ఎండాకాలంలో వరసగా నాలుగు తూటాలు పేల్చినవాడి అరచెయ్యి చూస్తే సంగతి తెలుస్తుంది. అందుకని చేతులు పొడుగున్నవాళ్లు, ఎక్కువసార్లు పేల్చేవాళ్లు చెప్పి మరీ పొడుగు చెక్క పెట్టించుకునేవారు. అలాంటివి అరుదు. మా పెద్దమ్మది అలాంటిది. జానెడు మీద బెత్తెడు. మా పెదనాన్న దాన్ని ఒక కలప కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. ఆ కాంట్రాక్టరుకు అది ఒక తెల్లదొర నుంచి వచ్చిందని, ఆ దొర చేతులు మోకాళ్లకు తగిలేవని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ దొరను చూసినవాళ్లు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు.

పెదనాన్న తొందరగా పోయాడు. ములకలపల్లి అవతల అడవి అంచున జొన్నచేను, ఆ తుపాకీ పెద్దమ్మకు మిగిలాయి. పెద్దమ్మ పొట్టి మనిషి. తుపాకీ నిలబెడితే ఆమె మెడ దాకా వచ్చేది. లైసెన్సు తన పేరున మార్చమని పోతే అక్కడి అధికారి పైనుంచి కిందికి చూసి, "నువ్వు పేలుస్తవా అమ్మా?" అన్నాడట. "మీరొచ్చి పందులను కావలి కాయండి సారూ, నాకెందుకు తుపాకి!" అన్నదట. లైసెన్సు వచ్చింది. బడి మానేసి ఏ పనికీ కుదురుకోని నన్ను మా అమ్మ ఆమె దగ్గరికి పంపేనాటికి నాకు మీసాలు వచ్చాయి, పెద్దమ్మకు తుపాకీ వచ్చు.

ఆమె పందిని ఎన్నడూ కొట్టలేదు. "సంపితే రేపు ఇంకోటి వస్తది. బెదిరిస్తే పోయి మందందరికి చెప్తది," అనేది. అయితే బెదిరించే తూటా కూడా ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా. చేనుకు ఒక పక్క వాగు గట్టు, ఇంకో పక్క ఒక కోయ కుటుంబం గుడిసె. ఆ ఇంటాయన పెద్దమ్మను అక్కా అనేవాడు, నేను ఆయన్ని మామా అనేవాణ్ణి. మొదటి ఏడు పెద్దమ్మ తుపాకీ పేల్చిన మర్నాడు ఆయన వచ్చి మంచె కింద చుట్ట ముట్టించుకుని, "అక్కా, పందుల సంగతేమో గని, మా కుక్క మంచం కిందికెళ్లి ఇంక రాలే. మీ చెల్లెలు గూడ దాని పక్కనే పండుకుంటనంటుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పటినుంచి మంచె కట్టే పని ఆయనే పెట్టుకున్నాడు. మంచె ముందువైపు అడ్డంగా ఒక వెదురుబొంగు. ఆ బొంగు మీద తుపాకీని సరిగ్గా అడ్డంగా ఆనిస్తే గొట్టాలు వాగు గట్టునే చూడాలి. తన గుడిసె వైపు తిరగకూడదు. వెనక నుంచి ఒక కన్ను మూసి చూసుకుంటూ, "ఇంకింత ఇటు జరుపు అల్లుడా," అని నాతో జరిపించి, తాళ్లు తానే బిగించేవాడు. ఇనుప గొట్టాలను బొంగు మీద ఆనిస్తే పేలినప్పుడు ఎగిరి దెబ్బ దారి తప్పుతుంది. ఆనవలసింది చెక్కే. మామూలు తుపాకీకి అంత దూరం చెక్క ఉండదు, పెద్దమ్మదానికి ఉంది. ఏటా ఒకే చోట ఆనించి ఆనించి ఆ చెక్క అడుగున, కొసకు దగ్గరగా, అడ్డంగా ఒక గాడి పడింది. బొంగు అందులో కూర్చుంటే తుపాకీ అటూ ఇటూ మెదలదు. చీకటి పడ్డాక కళ్లతో పనిలేదు. పెద్దమ్మ బొటనవేలితో గాడి తడిమి, బొంగు మీద కూర్చోబెట్టి, "ఆఁ" అనేది. తర్వాతే పేల్చేది. ఆ "ఆఁ" వినిపించేంత దగ్గర్లోనే మామ ఇల్లు. ఆ తర్వాత కుక్క మంచం కిందికి పోలేదని ఆయనే చెప్పాడు.

మామ పోయి చాలాకాలమైంది. ఆ చేను ఇప్పుడు జామాయిల్ తోట. దానికి కావలి అక్కరలేదు. పెద్దమ్మ ఖమ్మంలోనే, ఖానాపురం హవేలి పేటలో మా ఇంట్లో ఉంటుంది. చూపు దాదాపు పోయింది. లైసెన్సు నా పేరున ఉంది. తుపాకీ అప్పగింత నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆమె మంచం మీద పెట్టమంటుంది. గాడిలో బొటనవేలు పెట్టి, "ఆఁ" అని, ఇక బీరువాలో పెట్టమంటుంది. ఈసారి వేలు చెక్క కొస దాకా పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది.

"ఎవరి తుపాకిరా ఇది?"

"నీదే పెద్దమ్మా."

"నాది గాదు. తీస్కపోయి ఇచ్చిరాపో, పాపం వాళ్లు ఎతుక్కుంటుంటరు." తుపాకీని మంచం అంచుకు నెట్టి, "దీనికి మీ మామ ఇల్లు ఎటున్నదో తెల్వదు. ఇంట్ల పెట్టకు," అన్నది.

ఆ రోజు మొదలు ఆమెకు కుదురు లేదు. ఇచ్చొచ్చినవా అని పొద్దున అడుగుతుంది, సాయంత్రం అడుగుతుంది. నేను దుకాణానికి పోయాను. యజమాని మంచివాడే, అదే నా ఖర్మ. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "చెక్క కింద అరిగి గుంత పడ్డది గద సార్. పెచ్చు లేస్తదేమోనని మా మేస్త్రీ తీసేసిండు. అన్ని తుపాకులకు జానెడే ఉంటదని మీరే గద చెప్పేది!" అన్నాడు.

"చెప్పింది కొలత. కోయమన్నానా?" అన్నాను. నా గొంతుకు రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. ఆయన బిత్తరపోయి, "మీకు ఖుష్ అయితదనుకున్న సార్," అన్నాడు. కోసిన ముక్క ఇమ్మన్నాను; ఉంటే ఎవరిచేతనైనా అతికించుకుంటాను. మేస్త్రీ ఊరికి పోయాడని, వచ్చాక అడుగుతానని అన్నాడు. ఫోను చేస్తే అదే మాట. ఉత్తరం రాశాను. రిజిస్టర్ పోస్టులో మళ్లీ రాశాను. ముందుచెక్కల చరిత్ర అంతా రెండో ఉత్తరంలో రాశానని, దాన్ని చదివేవాడికి ఓపిక ఉండదని మా ఆవిడ అంటుంది. కావచ్చు. నాకూ ఇప్పుడు ఓపిక లేదు. అరవడం చాతకాక కాదు. అరిచాక ఇంటికి వచ్చి పెద్దమ్మకు ఏం చెప్పాలో తెలియక.

ఏదైనా అరిగిపోతే నేను కాలాన్ని తిట్టను. నా మోకాళ్లు అరిగాయి, ఆమె చూపు అరిగింది, ఊరుకున్నాం. కానీ అరగడానికి పట్టిన కాలమంతా ఒక ముక్కలో ఉంటే, ఆ ముక్కను పోగొట్టినవాణ్ణి ఏమని నిలదీయాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు. నిన్న దుకాణం నుంచి ఫోనుకు మెసేజీగా జవాబు వచ్చింది. పెద్దమ్మకు ఇంకా చదివి వినిపించలేదు.

"సార్ నమస్తే. ఆ ముక్క దొరకలేదు, చెత్తల పోయినట్టుంది. మేస్త్రీ ఊరి నుంచి వచ్చిండు, మీ ఉత్తరం చదివి చెప్తే చాన బాధపడ్డడు. కొత్త చెక్క అతికి మునుపటంత పొడుగు చేసిస్తడట. కింద గాడి గూడ తీసిస్తడట, గంట పనే అంటుండు. గాడి ఎంత లోతుండాల్నో కొలత పంపండి."