అతుక్కుపోయిన రెండు పేజీలు

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక వారపత్రికకు ఇంగ్లీషు మాటల పజిల్ తయారుచేశాడంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ. ఊరి బడిలో ఇంగ్లీషు మాస్టారు సగం రోజులు రానేలేదు. పద్దెనిమిదో ఏట ప్రెస్సులో చేరి, సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేరుస్తూ, తిరగేసి నేర్చుకున్నదే ఆయన ఇంగ్లీషు. సగం మాటలకు అర్థం తెలియదు. కానీ ఎక్కడైనా తప్పు అక్షరం పడితే అన్నంలో రాయి పంటికి తగిలినట్టు కంటికి తగిలేది. పరీక్ష పేపర్లు, కరపత్రాలు, ఒక జడ్జిగారి లావుపాటి పుస్తకం, అన్నీ ఆయన చేతిమీదుగా అచ్చయినవే. సీసపు అక్షరాలు మూలపడ్డాక మిగతా కంపోజిటర్లు తలోదారి పట్టారు. ఈయన్ని మాత్రం పత్రికవాళ్లు వదులుకోలేదు. ఆఫీసులో అందరికీ ఆయన డిక్షనరీ బాబాయి.

ఆట చిన్నదే. ఏడు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తాడు. వాటితో కుదిరినన్ని మాటలు రాసి కార్డు మీద పంపాలి. నడిమి అక్షరం ప్రతి మాటలోనూ ఉండాలి. మాట ఆయన డిక్షనరీలో ఉంటేనే లెక్క. డిక్షనరీలో ఉండీ ఆయన జాబితాకు ఎక్కని మాట ఒక్కటి రాసినా సరే, ఆ మనిషి పేరును పత్రికలో చుట్టూ గీతలతో పెట్టె కట్టి వేస్తారు. ముప్పై ఒక్కేళ్లలో ఆ పెట్టె ఒక్కసారీ కట్టలేదు. ఊరికే వచ్చిన పేరు కాదది. ప్రతి వారం తొమ్మిది వందల పేజీల పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా స్కేలు ఆనించి, వరస వరసా చూసుకుంటూ పోయేవాడు. అందుకు మూడు రోజులు పట్టేది. ఈమధ్య అయిదు రోజులూ చాలడం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి మెడ పట్టేసి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

వచ్చేవారం నుంచి ఆ పని కంప్యూటరు చేస్తుంది. అది అయిదు నిమిషాల పని అని ఉపసంపాదకురాలు కాస్త నొచ్చుకుంటూనే చెప్పింది. ఆయన మీద వీడ్కోలు మాటలు రాసి, ప్రూఫు కూడా ఆయన చేతికే ఇచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు: 'ఆయన జాబితాను మించినవారు ఇంతవరకు లేరు.' ఇంటికి పట్టుకెళ్లి భార్య చేత చదివించుకోవాలనుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆసుపత్రి నర్సమ్మ ఒకామె. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, స్టూలు మీద కూలబడి చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసింది. రెండు వారాల కిందటి పజిల్‌కు తాను కార్డు పంపానని, మొన్నటి ఫలితాల్లో తన మాటలు మూడు కొట్టేశారని చెప్పింది. ఆ వారం అక్షరాలు ఏ, ఐ, ఎన్, జీ, ఓ, ఆర్, టీ. నడిమిది జీ.

"గ్రోన్ అంటే మూలుగు, బాబాయ్ గారూ. మా వార్డులో పొద్దస్తమానం వినేది అదే. అది మాట కాదంటే ఎలా?"

"అవునో కాదో నేను చెప్పనమ్మా. పుస్తకం చెబుతుంది."

పుస్తకం తెరిచి చూపించాడు. కుడి పేజీ గ్రీఫ్ దగ్గర ముగిసింది. కాగితం తిప్పితే వెనక పేజీ గ్రౌండ్ దగ్గర మొదలైంది. మధ్యలో ఏమీ లేదు. వాదించే ఓపిక ఆమెకు ఉన్నట్టు లేదు. నాడి చూసే చేత్తోనే ఆ కాగితాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపింది.

"ఈ కాగితం మిగతావాటి కంటే దళసరిగా ఉందే."

ఆయన అద్దాలు సర్దుకుని పేజీ అంకెలు చూశాడు. ఒక పక్క నాలుగు వందల పదకొండు, వెనక పక్క నాలుగు వందల పధ్నాలుగు. పజిల్ అప్పగించిన కొత్తలో పుస్తకం అట్ట ఊడిపోతే, బైండరుకు ఇవ్వడం నామోషీ అనుకుని, తానే మైదాపిండి జిగురు కాచి బైండు చేసుకున్నాడు. ఆ జిగురే రెండు కాగితాలను ఒకటి చేసేసింది. కంపోజిటరు చూపు మాటల మీదే ఉంటుంది, అంకెల మీదికి పోదు.

తడిగుడ్డ తెచ్చి అంచు నానబెట్టాడు. గోటికి అంచు చిక్కకపోతే ఆమె అందుకుని, పుండు మీద కట్టు విప్పినంత నెమ్మదిగా కాగితాలు విడదీసింది. వేలిముద్రలతో మాసిన ఆ పుస్తకంలో ఆ రెండు పేజీలే కొత్తగా, తెల్లగా బయటపడ్డాయి. గ్రిట్ ఉంది. గ్రోన్ ఉంది. గ్రోయిన్ ఉంది. కొట్టేసిన ఆమె మాటలు మూడూ అక్కడే ఉన్నాయి.

"చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని," అని నవ్వి, ఆయన మొహం చూసి ఆపేసింది. మందుల చీటీలు అతుక్కుపోయి తాను కూడా తిట్లు తిన్నానని, ఇందులో బాధపడాల్సింది లేదని సర్దిచెప్పింది. పేరు వేస్తే చాలని, నిద్ర ముంచుకొస్తోందని లేచి వెళ్లిపోయింది.

ఉపసంపాదకురాలు అంతా విని గొంతు తగ్గించింది. పేజీ ఇంకో గంటలో అచ్చుకు పోవాలి. పాత పజిల్ సంగతి ఎవరికి గుర్తుంటుంది, ముగ్గురికి తప్ప నాలుగోవాళ్లకు తెలియదు, ఊరుకోమంది.

ఆయన ప్రూఫు ముందుకు లాక్కున్నాడు. ఊరి బడి దాటని మనిషికి ఈ ఊళ్లో దక్కిన మర్యాదంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. పొలం లేదు, పట్టా లేదు. ఉన్నది అదే. ఎర్ర కలం తీసుకుని, ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పైన నర్సమ్మ పేరు రాసి, చుట్టూ పెట్టె కట్టాడు.

"బాబాయ్, ఆ వాక్యం తీసేస్తే ఇంకేముంది ఇందులో?"

"నిజం ఉంటుందిలే. చిన్నదైనా సరే."

కొట్టేసిన కార్డులను ఆయన ఎన్నడూ పారేయలేదు. స్టోరు గదిలో ఏడాదికొక కట్ట చొప్పున తాడేసి కట్టి ఉన్నాయి. జీ, ఆర్ కలిసి పడిన వారాలు ఎన్నో ఆయనకే తెలియదు. ఈసురోమంటూ స్టూలు అక్కడికి జరుపుకుని, మొదటి ఏడాది కట్ట విప్పాడు. పదకొండో కార్డు ఒక టైలరుది. గ్రిమ్ అని రాశాడు, అదీ ఆ రెండు పేజీల్లోదే, దాని మీద ఆయన చేతి ఎర్ర గీత ఉంది. టైలరు పేరు ఒక కాగితం మీద ఎక్కించుకుని, పన్నెండో కార్డు తీశాడు.